వాల్తేరులో మూడేళ్ళున్న లెక్కల మేస్టారు

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ముందు నుంచి బస్సులో వెళ్ళిన వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. లోపల చదివిన వాళ్ళం తక్కువ. మా మటుకు మేము పాలిటెక్నిక్ డిప్లొమాతోనే సైటు మెట్లెక్కాం గనక ఆ గేటుకి బయటి వాళ్ళమే. అయినా ఆ క్యాంపస్‌కి సంబంధించిన ఒక మనిషి గురించి నాలుగు ముక్కలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం. 1933 నుంచి 1936 వరకు అక్కడ లెక్కలు చెప్పిన పంజాబీ మేస్టారు ఒకాయన ఉండేవారు. పేరు సర్వదమన్ చౌలా. సంఖ్యా సిద్ధాంతం చదివే వాళ్ళకి ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా ఈ పేరు తెలుసు. ఆయన పేరుతో సిద్ధాంతాలున్నాయి, సూత్రాలున్నాయి, ఇప్పటికీ తేలని ఊహ కూడా ఒకటుంది. మనకే తెలీదు.

సి.ఆర్.రావు గారు మన తెలుగువాడని గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఆ రావు గారు పాతికేళ్ళు నిండకముందే చౌలా గారి పక్కన తన పేరు వేసి పేపరు అచ్చు వేశారు. ఆ పేపరు దేని గురించో, ఆ పంజాబీ మేస్టారు మన దగ్గరికి ఎలా వచ్చి ఎలా వెళ్ళిపోయారో ఇక్కడ చెప్పుకుందాం.

చౌలా గారు పుట్టింది లండన్‌లో, 1907 అక్టోబర్ 22న. వాళ్ళ నాన్న గోపాల్ చౌలా లాహోరులో లెక్కల ప్రొఫెసరు. పై చదువు కోసం ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళినప్పుడు అక్కడ ఈ బిడ్డ పుట్టాడు. నాన్న దేశంకాని దేశంలో ఉండగా ఇంటి దగ్గర కాన్పు జరగడం మన రూముల్లో మామూలే. ఫోన్లో ఏడుపు విని సంతోషపడే వాళ్ళం మనం. ఆయన విషయంలో మాత్రం నాన్న వెళ్ళిన దేశంలోనే కాన్పు జరిగింది. సర్వదమనుడు అంటే శకుంతల కొడుకు భరతుడికి ఆశ్రమంలో ఉన్న పేరు. సింహం పిల్ల నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతానన్న పిల్లవాడు. లెక్కల ఇంట్లో పుట్టిన బిడ్డకి అంతకంటే తగిన పేరు దొరకదనిపిస్తుంది మాకు.

లాహోరు గవర్నమెంట్ కాలేజీలో 1928లో ఎమ్మే పూర్తిచేసి, మరుసటేడు కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చేరారు. 1931లో లిటిల్‌వుడ్ గారి దగ్గర డాక్టరేట్ అయ్యింది. రామానుజన్‌ని ఇంగ్లండ్ రప్పించిన హార్డీకి కుడిభుజం లాంటి మనిషి ఈ లిటిల్‌వుడ్. వెనక్కి వచ్చాక ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో కొన్నాళ్ళు, కాశీలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్ళు పనిచేశారు. పునాదులు లేచి శ్లాబు పడేలోపే ఇంకో సైటుకి బదిలీ అయ్యే సూపర్‌వైజరు బతుకు ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ మొదటి రెండేళ్ళు. 1933లో వాల్తేరు వచ్చారు.

అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం చాలా చిన్నది. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకి మారింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలరు. అంటే చౌలా గారు ఉన్న మూడేళ్ళూ ఆయన హయామే. కొండ మీద ఇలా చదువులు మొదలవుతుంటే కింద రేవు నుంచి స్టీమర్లు మన వాళ్ళని నింపుకుని రంగం పోతుండేవి. రంగం అంటే రంగూన్. ఇప్పుడు మేమున్న యాంగాన్. మా జిల్లా ముసలివాళ్ళ నోట ఇప్పటికీ అది రంగమే. రేవు పని, బియ్యం మిల్లుల పని, ఊడ్చే పని, అన్నీ మన వాళ్ళే చేసేవారు. 1930 మే నెలలో ఇక్కడి రేవు పని దగ్గరే తెలుగు కూలీలకీ బర్మా వాళ్ళకీ మధ్య పెద్ద గొడవలు జరిగి చాలామంది పోయారు. అయినా స్టీమర్లు ఆగలేదు.

వాల్తేరులో చౌలా గారు చేసిన పనుల్లో ఒకటి చెప్పి తీరాలి. రామానుజన్ గారు 1920లో పోయారు. పోయేముందు ఒక అంచనా చెప్పి వెళ్ళారు. ఒక సంఖ్యని ముక్కలుగా ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చు అన్నది లెక్క. ఉదాహరణకి నాలుగుని అయిదు రకాలుగా విడగొట్టొచ్చు: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. సంఖ్య పెరిగేకొద్దీ ఈ రకాలు ఊహకందనంత పెరిగిపోతాయి. కొన్ని సంఖ్యలకి ఈ రకాల మొత్తం 5, 7, 11 ఘాతాలతో కచ్చితంగా భాగింపబడుతుందని రామానుజన్ ఒక సూత్రం ఊహించారు. ఆయన చెప్పాక కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అప్పట్లో పంజాబ్‌లో హంసరాజ్ గుప్తా అనే ఆయన ఈ విభజనల సంఖ్యల్ని చేత్తో లెక్కగట్టి పట్టిక తయారు చేశారు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. ఆ పట్టికలో 243 దగ్గరికి వచ్చేసరికి చౌలా గారి కన్ను ఆగింది. 243ని విడగొట్టే రకాలు 133978259344888. రామానుజన్ లెక్క ప్రకారం ఇది 343తో, అంటే ఏడు ఏళ్ళని మళ్ళీ ఏడుతో హెచ్చవేస్తే వచ్చే దానితో, శేషం లేకుండా పోవాలి. 49తో పోతుంది. 343తో పోదు. ఈ సంగతి 1934లో అచ్చయింది. తరవాత వాట్సన్ అనే ఆయన ఏడు ఘాతాలకి ఊహని సరిదిద్ది 1938లో నిరూపించారు. పెద్దాయన మాటని గౌరవిస్తూనే టేపు పెట్టి కొలిచి చూడడం అంటే ఇదీ. సైటు మీద ఇది ఎంత కష్టమో మనకి తెలుసు.

1936లో లాహోరు గవర్నమెంట్ కాలేజీకి ప్రొఫెసరుగా వెళ్ళిపోయారు. తను చదివిన కాలేజీ, సొంత ఊరు. అక్కడ పదకొండేళ్ళు పనిచేశారు. ఆయన క్లాసులో కూర్చున్న పిల్లల్లో అబ్దుస్ సలాం ఒకరు. రామానుజన్ లెక్క ఒకటి చౌలా గారు క్లాసులో పెడితే ఆ కుర్రవాడు దాని మీదే 1943లో తన మొదటి పేపరు అచ్చు వేశాడు. తరవాత ఫిజిక్సుకి మళ్ళి 1979లో నోబెల్ తీసుకున్నది ఈ సలామే.

ఇక యుద్ధం. ఇక్కడ కథ మళ్ళీ మా ఊరికే వస్తుంది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో ఊరు జపాన్ చేతికి పోయింది. ఆ మధ్యలో లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో అరకాన్ మీదుగా, అస్సాం కొండల మీదుగా నడిచారు. దారిలో పోయిన వాళ్ళు ఎంతమందో సరైన లెక్క లేదు. అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం రాకడ ఆగిపోయింది. 1943లో బెంగాల్‌లో వచ్చిన ఘోర కరువుకి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

ఆ రోజుల్లో కలకత్తాలో మహలనోబిస్ గారి భారత గణాంక సంస్థలో ఇద్దరు పనిచేస్తున్నారు. ఒకరు రాజ్ చంద్ర బోస్, 1901లో హోషంగాబాద్‌లో పుట్టినాయన. రెండోవారు మన రావు గారు. హడగళ్ళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో ఎమ్మే ఫస్టుగా వచ్చినాయన. చౌలా గారు వెళ్ళిపోయిన నాలుగేళ్ళకి అన్నమాట. మిలటరీలో లెక్కల ఉద్యోగం ఒకటుందంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఈ సంస్థ సంగతి తెలిసి 1941 జనవరి 1న చేరారు. ఉద్యోగం కోసం ఊరు దాటి, వెళ్ళిన ఉద్యోగం దక్కక ఇంకోదాంట్లో స్థిరపడడం మనకేమీ కొత్త కాదు కదా.

1944లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో బోస్, చౌలా, రావు ముగ్గురి పేర్లతో ఒక పేపరు వచ్చింది. చౌలా గారు లాహోరులో, మిగతా ఇద్దరూ కలకత్తాలో. పేపరు విషయం చెప్పాలంటే కాస్త లెక్క చెయ్యాలి. భయపడకండి, నైట్ డ్యూటీ చార్టు వెయ్యగలిగిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది.

సైటులో ఆరుగురు కుర్రాళ్ళున్నారనుకోండి. 1 నుంచి 6 దాకా నంబర్లిచ్చాం. రాత్రి కాపలా ఎవరిదో తేల్చడానికి ఒక రూలు పెట్టాం: ఇవాళ కాపలా ఉన్నవాడి నంబరుని 3తో హెచ్చవేసి, అందులో ఉన్న ఏళ్ళన్నీ తీసేస్తే మిగిలిన నంబరు వాడిది రేపటి కాపలా. 1తో మొదలెడితే తరవాత 3. మూడు మూళ్ళు తొమ్మిది, ఏడు తీస్తే 2. తరవాత 6, తరవాత 4, తరవాత 5, మళ్ళీ 1. ఆరుగురికీ వంతు వచ్చింది, గొడవ లేదు. ఇప్పుడు 3కి బదులు 2తో హెచ్చవెయ్యండి. 1, 2, 4, మళ్ళీ 1. మూడో వాడికి, అయిదో వాడికి, ఆరో వాడికి జన్మలో కాపలా రాదు. మిగతా ముగ్గురూ సూపర్‌వైజరు గొంతు పట్టుకుంటారు.

హెచ్చవేసే అంకె ఎన్ని అడుగుల్లో మళ్ళీ ఒకటికి వస్తుందో దాన్ని ఆ అంకె ఆర్డర్ అంటారు. ఏడు లెక్కలో 3 ఆర్డర్ ఆరు, 2 ఆర్డర్ మూడు, 6 ఆర్డర్ రెండు. ఎవరి ఆర్డర్ అయినా ఆరుని సరిగ్గా భాగించాల్సిందే. నాలుగు, అయిదు అడుగుల చుట్లు రమ్మన్నా రావు. 3 లాగా అందరినీ చుట్టొచ్చే అంకెని ఆదిమూలం అంటారు. ప్రతి ప్రధాన సంఖ్యకీ అలాంటిది ఒకటైనా ఉంటుందని రెండొందల ఏళ్ళ కిందటే జర్మనీలో గాస్ నిరూపించాడు. కానీ అది ఏదో ముందుగా చెప్పే సూత్రం లేదు. వెతుక్కోవాలి. 2 అనే అంకె ఇలా పూర్తి చుట్టు తిరిగే ప్రధాన సంఖ్యలు ఎన్నటికీ అయిపోకుండా ఉంటాయా అన్నది 1927లో ఆర్టిన్ అడిగిన ప్రశ్న. అది ఇవాళ్టికీ తేలలేదు. ఇంత చిన్న ఆటలో ఇంత లోతుందా అని మేము రూములో చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఈ ముగ్గురూ చేసింది దీనికి పై అంతస్తు. ఒట్టి అంకెలకి బదులు రెండు భాగాలున్న అంకెలు తీసుకుంటారు. ఉదాహరణకి మూడు లెక్కలో 0, 1, 2 మాత్రమే ఉంటాయి. వాటికి ఎక్స్ అనే కొత్త మనిషిని కలిపితే ఎక్స్+1, 2ఎక్స్+2 ఇలాంటివి మొత్తం తొమ్మిది వస్తాయి. సున్నా తీసేస్తే ఎనిమిది. ఇలాంటి ప్రపంచాన్ని పరిమిత క్షేత్రం అంటారు. దీన్ని మొదట కనిపెట్టిన ఫ్రాన్సు కుర్రవాడు గాల్వా, 20 ఏళ్ళకే 1832లో ద్వంద్వ యుద్ధంలో పోయాడు. ఆయన పేరు మీదే గాల్వా క్షేత్రం అని కూడా అంటారు. ఇక్కడ ఎక్స్‌ని ఎక్స్‌తో హెచ్చవేస్తే ఏమొస్తుందో మనమే ఒక రూలు పెట్టాలి. చార్టు మంచిదా చెడ్డదా అన్నది ఆ రూలు మీదే ఆధారపడి ఉంటుంది.

ఎక్స్ స్క్వేర్ వచ్చిన చోటల్లా 2 రాయండి అని రూలు పెడితే చుట్టు ఇలా వస్తుంది: 1, ఎక్స్, 2, 2ఎక్స్, మళ్ళీ 1. ఎనిమిది మందిలో నలుగురికే వంతు. దానికి బదులు ఎక్స్ స్క్వేర్ వచ్చిన చోటల్లా 2ఎక్స్+1 రాయండి అంటే 1, ఎక్స్, 2ఎక్స్+1, 2ఎక్స్+2, 2, 2ఎక్స్, ఎక్స్+2, ఎక్స్+1, మళ్ళీ 1. ఎనిమిది మందీ వచ్చేశారు. నమ్మకం లేకపోతే సిమెంట్ సంచీ వెనకాల ఒకసారి వేసి చూడండి.

పెద్ద ప్రధాన సంఖ్య అయితే ఇలా మొత్తం చుట్టు తిరిగి చూడడం మనిషి వల్ల కాదు. అందుకే వాళ్ళు చిన్న కొలత ఒకటి పట్టుకున్నారు. మొత్తం చుట్టు తిరగక్కర్లేదు, ఎక్స్ ఘాతాల్లో ఎక్స్ లేని ఒట్టి అంకె మొదటిసారి ఎన్నో అడుగులో వస్తుందో చూడు. పైన రెండో రూలులో నాలుగో అడుగులో 2 వచ్చింది చూశారా, అదే. దీన్ని ఇంటిగ్రల్ ఆర్డర్ అన్నారు. ప్రధాన సంఖ్య పి అయితే ఈ కొలత పి+1ని భాగిస్తుంది. కొలత పూర్తిగా పి+1 అయ్యి, ఆ వచ్చిన ఒట్టి అంకె పి లెక్కలో ఆదిమూలం అయితే ఇక చూడక్కర్లేదు, ఎక్స్ మొత్తం చుట్టు తిరిగి తీరుతుంది. మూడు లెక్కలో పి+1 అంటే నాలుగు. 2 ఆదిమూలమే. సరిపోయింది. పెద్ద చుట్టుని రెండు చిన్న చుట్లుగా విడగొట్టి చూడడం అన్నమాట. పిల్లర్ నిలువు చూడాలంటే మొత్తం గోడ కొలవం, రెండు వైపులా తూకం గుండు వేస్తాం. అలాంటిదే.

బయట కరువు, లోపల ఈ లెక్కలా అని మా రూములో ఒకతను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ కరువు మిగిల్చిన నష్టాన్ని ఊరూరా శాంపిల్ సర్వే చేసి అంచనా కట్టింది కూడా అదే సంస్థ. అదీగాక బోస్ గారు ఈ క్షేత్రాల్లోకి దిగిందే పొలాల కోసం. ఏ ఎరువు మంచిదో, ఏ వంగడం మంచిదో తేల్చాలంటే మడుల్ని ఎలా అమర్చాలి అన్న సమస్య ఆయన్ని ఇక్కడికి తెచ్చింది. నాలుగు రకాల కాంక్రీటు మిక్సు, నాలుగు గ్యాంగులు, నాలుగు అంతస్తులు ఉంటే, ఏ గ్యాంగుకీ ఏ అంతస్తుకీ అన్యాయం జరగకుండా క్యూబు టెస్టు ఎలా ప్లాన్ చెయ్యాలి అన్నా ఇదే లెక్క. ఇలాంటి జంట చతురస్రాలు ఆరుకి కుదరవు. ఆరు ఏ ప్రధాన సంఖ్యకీ ఘాతం కాదు కాబట్టి ఆరుగురున్న క్షేత్రమూ లేదు. ఆరు తరవాత 10, 14 లాంటి వాటికి కూడా కుదరవని ఆయిలర్ 1782లో ఊహిస్తే, అది తప్పని 1959లో బోస్, శ్రీఖండే, పార్కర్ తేల్చారు. మరుసటేడు చౌలా గారు ఎర్డిష్, స్ట్రాస్‌లతో కలిసి, సంఖ్య పెరిగేకొద్దీ ఇలా జోడీ కుదిరే చతురస్రాల సంఖ్య కూడా హద్దు లేకుండా పెరుగుతుందని చూపించారు.

ఇంకో సంగతి. యాంగాన్‌లో టీ కొట్టు గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ మీద టీ ఒలికి, ఎండకి మాసి, ఒక మూల చిరిగినా ఫోను దాన్ని చదివేస్తుంది. అందులో 256 అంకెల గాల్వా క్షేత్రం ఉంది. 255 అడుగుల పూర్తి చుట్టు తిరిగే ఒక అంకె ఘాతాలతో రాసిన అదనపు గుర్తులు పోయిన గుర్తుల్ని మళ్ళీ పుట్టిస్తాయి. ఆ కోడులోనే ఒక చిన్న భాగానికి వాడే పద్ధతిలో బోస్ పేరుంది. రాయ్‌చౌధురితో కలిసి 1960లో ఆయన, వాళ్ళకి సంబంధం లేకుండా 1959లో ఫ్రాన్సులో ఓకెంగెమ్, కనిపెట్టిన కోడు అది. ఇందులో చౌలా గారి చెయ్యి నేరుగా లేదు. లేనిది ఉందని చెప్పం. కానీ పూర్తి చుట్టు తిరిగే అంకె ఎలా దొరుకుతుందన్న వెతుకులాట మాత్రం 1944 నాటి ఆ పేపరు వెతుకులాటే.

1947 ఆగస్టులో దేశం రెండయింది. లాహోరు అటు పోయింది. చౌలా గారు సొంత ఊరు వదిలి ఢిల్లీ వచ్చారు, అక్కడి నుంచి అమెరికా వెళ్ళారు. నడిచి వచ్చిన మన రంగం వాళ్ళతో ఆయన్ని పోల్చడం మాకు ఇష్టం లేదు. ఆయన పేరు తెలిసిన వాళ్ళు ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు. మన వాళ్ళకి దారి చెప్పే వాడు కూడా లేడు. విశాఖలో బర్మా క్యాంప్ అన్న పేరు ఊరికే రాలేదు. అది 1960ల్లో మళ్ళీ పంపించేసిన వాళ్ళ కథ. అయినా నలభై ఏళ్ళ మనిషి, పదకొండేళ్ళు ప్రొఫెసరుగా ఉన్న కాలేజీ, నాన్న పాఠం చెప్పిన ఊరు, అన్నీ వదిలేసి పరాయి దేశంలో మొదటి నుంచి మొదలెట్టాలంటే అది చిన్న విషయం కాదు. సర్టిఫికెట్లు సంచీలో పెట్టుకుని తిరిగే మనకి అది వేరే చెప్పక్కర్లేదు.

1948 నుంచి ఏడాది ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు. ఆయనకి కుర్రతనం నుంచి జోడీగా పనిచేసిన తమిళుడు ఒకాయన ఉండేవారు, ఎస్.ఎస్.పిళ్ళై. 1930లోనే ఇద్దరూ కలిసి పేపరు వేశారు. ఆయనకీ ప్రిన్స్‌టన్ పిలుపు వచ్చింది. 1950 ఆగస్టు 31న వెళ్తున్న విమానం కైరో దగ్గర కూలిపోయి అందులోనే పోయారు.

చౌలా గారు కాన్సాస్‌లో 1952 దాకా, కొలరాడోలో 1963 దాకా, పెన్సిల్వేనియా స్టేట్‌లో 1976లో రిటైరయ్యే దాకా పాఠాలు చెప్పారు. మొత్తం మీద సుమారు 350 పేపర్లు. ఒంటరిగా రాసినవి చాలా ఉన్నా, ఇంకొకరితో కలిసి రాసినవే ఎక్కువ పేరు తెచ్చాయి. బ్రక్, రైజర్‌లతో ఆయన పేరు కలిసిన సిద్ధాంతం ఉంది, సెల్బర్గ్‌తో కలిసిన సూత్రం ఉంది. కూతురు పరోమిత కూడా లెక్కల్లోకే వచ్చి నాన్నతో కలిసి పేపర్లు రాసింది. మూడు తరాలు ఒకే పని. మేస్త్రీల ఇళ్ళల్లో ఇది చూస్తాం, ప్రొఫెసర్ల ఇళ్ళల్లో అరుదు.

బోస్ గారు కూడా 1949లో అమెరికా వెళ్ళి నార్త్ కరొలినాలో చేరారు. కలకత్తా, లాహోరుల మధ్య కుదిరిన జోడీ కొలరాడో, కరొలినాల మధ్య మళ్ళీ కుదిరింది. 1962లో ఇద్దరి పేర్లతో వచ్చిన సిద్ధాంతాన్ని బోస్-చౌలా సిద్ధాంతం అంటారు. దీన్ని మన ఎనిమిది మంది చార్టుతోనే చూడొచ్చు. పైన వేసిన పూర్తి చుట్టులో ఎక్స్, ఎక్స్+1, ఎక్స్+2 ఎన్నో అడుగులో వచ్చాయో చూడండి: ఒకటో అడుగు, ఏడో అడుగు, ఆరో అడుగు. ఇప్పుడు ఎనిమిది అడుగుల చుట్టుకొలత ఉన్న గుండ్రటి రింగు తీసుకుని 1, 6, 7 దగ్గర గీతలు పెట్టండి. ఒక గీత నుంచి ఇంకో గీతకి ఒకే దిశలో కొలవండి. 1 నుంచి 6కి 5. 1 నుంచి 7కి 6. 6 నుంచి 7కి 1. 6 నుంచి చుట్టూ తిరిగి 1కి 3. 7 నుంచి 1కి 2. 7 నుంచి చుట్టి 6కి 7. ఒక్క దూరం కూడా రెండోసారి రాలేదు. నాలుగు తప్ప అన్ని కొలతలూ మూడే గీతలతో వచ్చేశాయి. ఏ రెండు గీతలు కలిపి కూడినా మొత్తం కూడా ఇంకో జతతో కలవదు. పెద్ద ప్రధాన సంఖ్యలకీ ఇలాగే గీతలు పెట్టొచ్చని, రెండేసి కాదు ఎన్నేసి కూడినా మొత్తాలు కలవకుండా చెయ్యొచ్చని వాళ్ళు చూపించారు. వాల్తేరులో, లాహోరులో, కలకత్తాలో, అమెరికాలో, ఎక్కడ కొలిచినా ఆ మూడు గీతల మధ్య దూరాలు అవే.

బోస్ గారు 1987 అక్టోబర్ 31న కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో పోయారు. చౌలా గారు 1995 డిసెంబర్ 10న వయోమింగ్‌లోని లారమీలో, 88వ ఏట. ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు వంద కిలోమీటర్లు. ముగ్గురిలో చిన్నవాడు, మన రావు గారు, నూట రెండేళ్ళు బతికి 2023 ఆగస్టు 22న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పోయారు. 1944 నాటి పేపరు మీద పేర్లున్న ముగ్గురిలో ఎవరూ పేపరు రాసిన ఊళ్ళో పోలేదు.